ఆ పోంచో ఏ రంగు?

1964లో క్లింట్ ఈస్ట్‌వుడ్ అమెరికాలో ఓ టీవీ నటుడు. 'రాహైడ్' అనే కౌబాయ్ సీరియల్‌కు విరామం దొరికినప్పుడు, బయట పెద్దగా పేరు లేని ఓ ఇటాలియన్ దర్శకుడి సినిమా కోసం యూరప్ బయల్దేరాడు. ఆ దర్శకుడు సెర్జియో లియోనీ. సినిమా బడ్జెట్ సుమారు రెండు లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అది చాలా తక్కువ. అందుకని హీరో తన వేషంలో చాలా భాగం తానే సమకూర్చుకున్నాడు. హాలీవుడ్ బులెవార్డ్‌లోని ఒక దుకాణంలో నల్ల జీన్స్ కొన్నాడు. టోపీ శాంటా మోనికాలోని ఒక కాస్ట్యూమ్ సంస్థ నుంచి వచ్చింది. తనకు పొగతాగే అలవాటు లేకపోయినా బెవర్లీ హిల్స్‌లో చుట్టలు కొన్నాడు. తుపాకీ బెల్టు, బూట్లకు బిగించే స్పర్లు, పిడి మీద వెండి పాము ఉన్న రివాల్వరు 'రాహైడ్' సెట్ నుంచే తెచ్చుకున్నాడు. పోంచో ఒక్కటి స్పెయిన్‌లో దొరికింది.

పోంచో అంటే తల దూర్చడానికి నడిమధ్య చీలిక వదిలిన ఉన్ని దుప్పటి. మన గొర్రెల కాపరి భుజాన గొంగడి ఎంత సహజమో, లాటిన్ అమెరికా పల్లెల్లో పోంచో అంత సహజం. 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' (1964), 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' (1965), 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966) మూడింటిలోనూ ఈస్ట్‌వుడ్ వేసుకున్నది ఒకే పోంచో. మధ్యలో దాన్ని ఉతకనైనా లేదని ఆయనే చెప్పాడు. ఆ తర్వాత అది ఆయన దగ్గరే ఉండిపోయింది.

అసలుది ఒక్కటే. కావాలనుకునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. పాత కౌబాయ్ సినిమాల్లోని దుస్తులకు, తుపాకులకు, బెల్టులకు, గడియారాలకు నకళ్లు చేయించుకుని దాచుకునే అభిరుచి ఇక్కడే మొదలవుతుంది. బయటి నుంచి చూస్తే ఇది పిల్లల వేషంలాగా అనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే ఇందులో నేతగాళ్లున్నారు, తోలు పనివాళ్లున్నారు, కమ్మరులున్నారు. ఒక్కో షాట్‌ను ఆపి నూలు పోగులు లెక్కపెట్టే ఓపిక ఉంది.

ఆ ఓపిక ఎందుకంటే, ఆ పోంచో ఏ రంగుదో తేల్చడమే కష్టం. కొన్ని దృశ్యాల్లో ముదురు గోధుమ రంగు, మరికొన్నింటిలో ఆలివ్ ఆకుపచ్చ. ఎండలో ఒకలా, మద్యం దుకాణం చీకట్లో ఇంకోలా ఉంటుంది. దీనికి సాంకేతిక కారణాలు ఉన్నాయి. లియోనీ ఈ మూడు సినిమాలనూ టెక్నిస్కోప్ పద్ధతిలో తీశాడు. మామూలుగా ఒక ఫ్రేముకు పట్టే నెగెటివ్‌లో అందులో రెండు ఫ్రేములు పడతాయి. ఫిల్ము ఖర్చు సగం తగ్గుతుంది, దాంతోపాటు బొమ్మలోని సూక్ష్మ వివరాలూ తగ్గుతాయి. ఆపైన ప్రింటు ప్రింటుకీ రంగు తేడా. పునరుద్ధరణ జరిగిన ప్రతిసారీ మళ్లీ కొత్త తేడా. 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'ని 2014లో ఇటలీలోని బొలోన్యా ల్యాబ్‌లో 4కేలో పునరుద్ధరించినప్పుడు బొమ్మంతా పసుపు పచ్చగా తేలిందని అభిమానులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఆ డిస్క్ చూసి ఉన్నికి రంగు వేయించినవాడి పోంచో ఒకలా వస్తుంది, పాత డిస్క్ చూసి వేయించినవాడిది ఇంకోలా వస్తుంది. అందుకే అమ్మేవాళ్లు గోధుమ రంగులో, ఆకుపచ్చలో రెండు రకాలూ నేయిస్తారు.

రంగు తేలినా ఇంకో చిక్కు ఉంది. మొదటి సినిమా క్లైమాక్స్‌లో హీరో పోంచో కింద ఇనుప పలక కట్టుకుని విలన్ తూటాలకు ఎదురు నిలుస్తాడు. రెండో సినిమాలో అదే పోంచోకు ఆ చిల్లులు మూసిన అతుకులు కనిపిస్తాయి. మూడో సినిమాకు వచ్చేసరికి కథ వెనక్కి, అమెరికా అంతర్యుద్ధ కాలంలోకి వెళుతుంది. అందులో హీరో చాలాసేపు పొడుగు కోటులోనే తిరుగుతాడు. చివర్లో చావుబతుకుల్లో ఉన్న ఒక కుర్ర సైనికుడికి తన చుట్ట అందించి, కోటు కప్పి, అక్కడున్న పోంచో తీసుకుంటాడు. అంటే నకలు చేయించుకునేవాడు ముందు తేల్చుకోవలసింది ఏ సినిమా పోంచో కావాలన్నది. అతుకులు ఉండాలా, వద్దా? ఎంత మాసి ఉండాలి? ఇంత చిన్న విషయాల మీద ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లు ఆ సినిమాను మనలాంటి మామూలు ప్రేక్షకుల కన్నా లోతుగా చూశారని ఒప్పుకోక తప్పదు.

కొత్త బట్టను పాతబరచడం ఒక ప్రత్యేక విద్య. గరుకు కాగితంతో అంచులు రుద్దుతారు, ఇనుప బ్రష్షుతో నూలు లేపుతారు, టీ డికాక్షన్‌లో ముంచి తెలుపును చంపుతారు. ఆఖరున దుమ్ము పట్టిస్తారు. హాలీవుడ్ సెట్లలో దుమ్ము కోసం దశాబ్దాలుగా వాడుతున్నది ఫుల్లర్స్ ఎర్త్, అంటే మన ఇళ్లలో మొహానికి పట్టించుకునే ముల్తానీ మట్టి రకమే. మెత్తగా ఉండి గుడ్డకు బాగా పట్టుకుంటుంది.

తుపాకుల కథ ఇంతకన్నా పెద్దది. ఇక్కడ నకలే అసలుకు మళ్లీ ప్రాణం పోసింది.

కౌబాయ్ సినిమా అనగానే గుర్తొచ్చే ఆరు తూటాల రివాల్వరు కోల్ట్ కంపెనీది. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న సింగిల్ యాక్షన్ ఆర్మీ అది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి గిరాకీ పడిపోయి కోల్ట్ దాని తయారీ ఆపేసింది. యుద్ధం తర్వాత టీవీ వచ్చింది. టీవీతో పాటు ఇంటింటికీ కౌబాయ్ సీరియళ్లు వచ్చాయి. తెర మీద చూసిన రివాల్వరు కావాలని జనం అడగసాగారు, కోల్ట్ దగ్గర అది లేదు. ఆ ఖాళీలో 1950ల మధ్యలో లాస్ ఏంజెలెస్‌లో గ్రేట్ వెస్టర్న్ ఆర్మ్స్ అనే సంస్థ అచ్చం అలాంటి రివాల్వర్లు చేసి అమ్మడం మొదలుపెట్టింది. గిరాకీ కళ్లారా చూసిన కోల్ట్ 1956లో తన పాత రివాల్వరును తిరిగి తయారీలోకి తెచ్చింది. జాన్ వేన్ చివరి సినిమా 'ది షూటిస్ట్' (1976)లో ఆయన పాత్ర చేతిలో మెరిసే జంట రివాల్వర్లు కోల్ట్‌వి కావు, ఆ గ్రేట్ వెస్టర్న్ నకళ్లే. జీవితమంతా కౌబాయ్‌గా బతికిన నటుడు తన ఆఖరి వెస్టర్న్‌ను నకలు తుపాకీతో ముగించాడు.

1950ల చివర్లో అట్లాంటిక్‌కు అవతల, ఉత్తర ఇటలీలో ఆల్ప్స్ పాదాల దగ్గర గార్డోనె వాల్ త్రోంపియా అనే చిన్న పట్టణంలో కొలుములు రాజుకున్నాయి. ఆ లోయకు తుపాకుల పని కొత్త కాదు. బెరెట్టా కంపెనీ చరిత్ర అక్కడ 1526 నుంచి ఉంది. 1961లో అమెరికా అంతర్యుద్ధానికి నూరేళ్లు నిండబోతున్నాయి. నాటి యుద్ధాలను మైదానాల్లో మళ్లీ ఆడి చూపేవాళ్లకు తుపాకులు కావాలి. అసలువి ఖరీదైన పురావస్తువులు, పేల్చడానికి మనసొప్పదు. వాల్ ఫార్జెట్ అనే అమెరికన్ ఈ అవసరాన్ని గుర్తించి 1851 నాటి కోల్ట్ నేవీ రివాల్వరుకు నకళ్లు చేయించడానికి ఈ లోయకు వచ్చాడు. ఆల్డో ఉబెర్టీ 1959లో ఇక్కడే తన కార్ఖానా పెట్టాడు. తర్వాత పియెట్టా లాంటి మరికొన్ని పేర్లు తోడయ్యాయి. అమెరికా చరిత్ర కోసం తయారైన ఈ నకళ్లు అదే దేశంలోని రోమ్‌లో ఊపందుకున్న కౌబాయ్ సినిమాలకు చేతికందినట్టు దొరికాయి. లియోనీ సినిమాల్లో తళతళలాడే రివాల్వర్లలో చాలావరకు ఈ లోయ చేతిపనే. కనుక ఈరోజు ఉబెర్టీ రివాల్వరు కొని దానికి వెండి పాము పిడి వేయించుకున్న అభిమాని, సినిమాలో వాడిన వస్తువుకు దాదాపు సోదరుడినే ఇంటికి తెచ్చుకుంటున్నాడు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పుకోవాలి. చరిత్రకారుడు తప్పు పట్టేదే ఈ అభిరుచిలో ఒప్పు. 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' కథా కాలం 1862. అందులో ఈస్ట్‌వుడ్ రివాల్వరులో లోహపు తొడుగు తూటాలు నింపుతాడు. నేవీ రివాల్వర్లను అలా మార్చడం యుద్ధం ముగిశాక వచ్చిన పద్ధతి. 'స్టేజ్‌కోచ్' (1939)లో దుమ్ములోంచి ప్రత్యక్షమై జాన్ వేన్ ఒంటి చేత్తో గిర్రున తిప్పే రైఫిల్ వించెస్టర్ 1892 మోడల్. కథేమో అంతకు పదేళ్లకు పైగా ముందటిది. ఆ రైఫిల్ ట్రిగ్గర్ కింద పెద్ద వలయంలా ఉండే లీవరు కూడా సినిమా కోసం చేయించిందే. కానీ సేకరించేవాడు 1862 నాటి సరైన తుపాకీ పెట్టుకుంటే అది ఈస్ట్‌వుడ్ తుపాకీ కాదు. ఇక్కడ ప్రమాణం తెర. తెర మీద ఉన్నది ఉన్నట్టు చేతిలోకి రావాలి, అంతే.

హోల్‌స్టర్ల (తుపాకీ ఒరల) విషయంలో ఈ తేడా ఇంకా స్పష్టం. 1870లలో పశువులు తోలిన నిజమైన కౌబాయ్ రివాల్వరును నడుము పైనే, దాదాపు మునిగిపోయేంత లోతైన తోలు సంచిలో పెట్టుకునేవాడు. గుర్రం దౌడు తీస్తే తుపాకీ జారిపోకూడదు, అదే అతని చింత. తొడ దాకా వేలాడే బెల్టు, మోకాలి పైన కట్టిన తోలు తాడు, రెప్పపాటులో లాగే తుపాకీ, ఇవన్నీ ఇరవయ్యో శతాబ్దపు వేషాలు. దీన్ని ఒక శాస్త్రంగా మలిచినవాడు ఆర్వో ఓజాలా. 1950లలో ఆయన తోలు పొరల మధ్య సన్నని లోహపు రేకు పెట్టి కొత్త హోల్‌స్టర్ రూపొందించాడు. రేకు ఉండడంతో తోలు తుపాకీని పట్టేయదు. ఇంకా ఒరలో ఉండగానే తుపాకీ గుర్రాన్ని (హ్యామర్‌ను) వెనక్కి లాగొచ్చు, తూటాల చక్రం తిరుగుతుంది. తెర మీద తుపాకీ అంత వేగంగా బయటికి రావడం వెనక కిటుకు ఇదే. ఓజాలా ఎందరో నటులకు తుపాకీ లాగడం నేర్పాడు. 'గన్‌స్మోక్' సీరియల్ మొదట్లో వచ్చే ముఖాముఖిలో మార్షల్ మ్యాట్ డిల్లన్ చేతిలో వారం వారం నేలకొరిగిన మనిషి కూడా ఆయనే. ఇప్పుడు ఆ కాలపు హోల్‌స్టర్ నకలు కుట్టేవాళ్లు లోపలి రేకు లేకుండా కుడితే, తెలిసినవాళ్లు చేతిలోకి తీసుకోగానే పట్టేస్తారు.

చిన్న వస్తువులకూ గిరాకీ తక్కువేం కాదు. హోవర్డ్ హాక్స్ తీసిన 'రెడ్ రివర్' (1948)లో పశువుల మందకు వేసే ముద్ర నదిలా వంపులు తిరిగిన గీతల పక్కన 'డి' అక్షరం. ఆ ముద్రతో చేయించిన బెల్టు బకిల్‌ను జాన్ వేన్ తర్వాత అనేక సినిమాల్లో పెట్టుకున్నాడు. అసలు బకిల్ కనిపించకుండా పోయింది, నకళ్లు మాత్రం ఇప్పటికీ పోతపోస్తూనే ఉన్నారు. 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్'లో మూత తెరవగానే పాట వినిపించే జేబు గడియారం ఇంకొకటి. చివరి ద్వంద్వ యుద్ధం మొత్తం దాని పాట మీదే నడుస్తుంది. ఎన్నియో మొర్రికోనె కట్టిన ఆ బాణీ వినపడకపోతే ఆ గడియారానికి విలువ లేదు. అందుకే మంచి నకలుకు రూపంతో పాటు లోపల పాట వాయించే యంత్రమూ ఉండాలి. ఈ సేకరణల్లో అన్నిటికన్నా అందమైన వస్తువు అదేనేమో.

సినిమా వస్తువులకు ఇంత విలువ మొదటి నుంచీ లేదు. స్టూడియోలకు అవి ప్రాపర్టీ గోదాముల్లో పడివుండే సామాను. ఒక సినిమా టోపీ ఇంకో సినిమాకు, ఒక సైనికుడి కోటు ఇంకో సైనికుడికి. 1970లో ఎం.జి.ఎం. స్టూడియో తన గోదాముల్లోని వేలాది వస్తువులను వేలం వేయించినప్పుడు లోకం ఇటు తిరిగి చూసింది. ఆ వేలంలో 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్' ఎర్ర బూట్ల జత 15,000 డాలర్లు పలికింది. అదే సినిమాలోని మరో జత 2024 డిసెంబరులో 2 కోట్ల 80 లక్షల డాలర్లకు పోయింది, అది వేలం కమీషన్ కలపని ధర. కౌబాయ్ వస్తువుల ధరలు అంత ఎత్తుకు వెళ్లలేదు. అయినా 'ట్రూ గ్రిట్' (1969)లో జాన్ వేన్ కంటికి కట్టుకున్న పట్టీ 2011 వేలంలో 47,800 డాలర్లు పలికింది. అరచేతిలో ఇమిడే ఆ చిన్న పట్టీకే అంత పలికితే మామూలు అభిమానికి నకలు తప్ప వేరే దారి లేదు.

సినిమావాళ్లు కూడా నకళ్లు లేకుండా పని చేయలేరు. ఒకే తుపాకీకి దగ్గరి షాట్ల కోసం అసలుది, కింద పడే షాట్ల కోసం రబ్బరుది ఉంచుకుంటారు. ఈ జాగ్రత్త ఒక్కసారి తప్పితే ఏమవుతుందో 'ది హేట్‌ఫుల్ ఎయిట్' (2015) షూటింగ్‌లో తెలిసింది. మార్టిన్ గిటార్ కంపెనీ మ్యూజియం తన 19వ శతాబ్దపు గిటారును సినిమాకు అరువిచ్చింది. పగలగొట్టే షాట్ కోసం నకళ్లు తయారుగా ఉన్నాయి. గిటారు మార్చారనుకున్న నటుడు కర్ట్ రస్సెల్ చేతిలో ఉన్నదాన్ని లాగి స్తంభానికేసి బద్దలు కొట్టాడు. అది అసలుది. తెర మీద నటి జెన్నిఫర్ జేసన్ లీ ముఖంలో కనిపించే నిర్ఘాంతపాటు నటన కాదు. ఆ తర్వాత సినిమాలకు గిటార్లు అరువివ్వడం మానేస్తున్నామని మ్యూజియం ప్రకటించింది.

గిటారు పోతే బాధపడి ఊరుకుంటాం. తుపాకీ విషయం వేరు. 2021 అక్టోబరులో న్యూ మెక్సికోలో 'రస్ట్' అనే కౌబాయ్ సినిమా సెట్ మీద రిహార్సల్‌లో తుపాకీ పేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది. ఆ రివాల్వరు పియెట్టా తయారుచేసిన నకలు. కోల్ట్‌కు నకలే కానీ తుపాకీగా నూటికి నూరుపాళ్లు నిజమైనది, నిజమైన తూటాను పేలుస్తుంది. నకలు అన్న మాట విని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. అలంకారంగా గోడకు పెట్టుకోవాలనుకునేవాళ్లకు తూటాయే పట్టని లోహపు బొమ్మలు వేరుగా దొరుకుతాయి. స్పెయిన్‌కు చెందిన డెనిక్స్ సంస్థ వీటికి ప్రసిద్ధి.

చట్టాలు దేశానికో రకం. అమెరికాలో బొమ్మ తుపాకీ గొట్టం చివర నారింజ రంగు ఉండాలన్న నియమం ఉంది. 1898కి ముందటి తుపాకులకు చేసిన, పేలని సేకరణ నకళ్లకు ఆ నియమం వర్తించదు. కౌబాయ్ సామానంతా దాదాపుగా ఈ మినహాయింపులోనే పడుతుంది. బ్రిటన్ 2006లో చేసిన చట్టం ఆ గీతను 1870 దగ్గర గీసింది. దాంతో 1851 నేవీ నకలు ఒక పక్క, 1873 కోల్ట్ నకలు ఇంకో పక్క పడ్డాయి. మన దేశంలో పనిచేసే రివాల్వరు నకలైనా సరే, 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాల్సిందే. ఇక్కడి అభిమానులు టోపీ, పోంచో, బెల్టు, గడియారంతో సేకరణ మొదలుపెట్టడం మంచిది. పేలని బొమ్మనైనా విదేశం నుంచి తెప్పించేముందు కస్టమ్స్ నియమాలు అడిగి తెలుసుకోవాలి.

అన్ని నకళ్లూ హాయిగా ధరించగలిగేవి కావు. పాత వెస్టర్న్‌లలో అమెరికా మూలవాసుల చిత్రణ అన్యాయమైనది. దర్శకుడు జాన్ ఫోర్డ్ సినిమాల్లో నవాహో తెగవాళ్లే అపాచీలుగా, చెయెన్‌లుగా నటించారు. ఒక తెగ దుస్తులు ఇంకో తెగకు తొడిగేశారు. ఈకల తలపాగా మైదాన ప్రాంతపు తెగల్లో గౌరవంతో సంపాదించుకునేది, వేడుకకు పెట్టుకునే టోపీ కాదు. గద్ద ఈకలు దగ్గర ఉంచుకోవడం మీద అమెరికా చట్టంలో కఠినమైన ఆంక్షలున్నాయి. మూలవాసులు చేయనిదాన్ని వాళ్లు చేసినట్టు అమ్మడం 1990 చట్టం ప్రకారం నేరం. బాధ్యత తెలిసిన సేకర్తలు ఈ వస్తువుల జోలికి పోరు. పోకపోవడమే సరైనది.

తెలుగువాళ్లకు ఈ లోకం పరాయిది కాదు. 'మెకన్నాస్ గోల్డ్' (1969) మన ఊళ్లలో ఎంత ఆడిందో పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. దాని ఊపులో, లియోనీ ప్రభావంలో, 1971లో కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు' తీశారు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, రచన ఆరుద్ర. రాజస్థాన్ ఎడారులే ఆ సినిమాకు టెక్సస్. 'కొదమసింహం' (1990), 'టక్కరి దొంగ' (2002) అదే దారిలో వచ్చాయి. కృష్ణ వెళ్లిపోయాక 2023 మే 31న 'మోసగాళ్లకు మోసగాడు' 4కేలో మళ్లీ విడుదలైంది. ఒక అమెరికన్ వేషం ఇటలీ మీదుగా స్పెయిన్ చేరి, అక్కణ్నుంచి తెనాలి కుర్రాడి ఒంటి మీదకు వచ్చింది. నకలు ఎంత దూరం ప్రయాణించగలదో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆ టోపీని, ఆ బెల్టును కూడా ఎవరైనా ఇదే శ్రద్ధతో కుట్టి నిలిపితే బాగుండును.

ఇక ఈ అభిరుచిలో అన్నిటికన్నా పెద్ద నకలు ఏ అలమరలోనూ పట్టదు. 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' చివరి ఘట్టం కోసం 1966లో స్పెయిన్‌లోని బుర్గోస్ ప్రాంతపు లోయలో సైనికులు సుమారు అయిదువేల ఉత్తుత్తి సమాధులు వలయాలుగా కట్టారు. సినిమాలో దాని పేరు శాడ్ హిల్. షూటింగ్ అయ్యాక అక్కడ గడ్డి మొలిచి, నడిమి రాతి వేదిక మట్టిలో పూడుకుపోయింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత స్థానిక అభిమానులు సంఘంగా ఏర్పడి పలుగూ పారా పట్టారు. వారాంతాల్లో వేరే దేశాల నుంచి కూడా మనుషులు వచ్చి తవ్వారు. ఖర్చుల కోసం 15 యూరోలు ఇచ్చినవాళ్ల పేరు ఒక సమాధి మీద రాశారు. 2017లో వచ్చిన 'శాడ్ హిల్ అన్‌అర్త్‌డ్' డాక్యుమెంటరీ ఈ తవ్వకం కథే. సినిమాకు యాభై ఏళ్లు నిండిన 2016లో ఆ వలయం మధ్యనే ఉత్సవం జరిపి, వచ్చినవాళ్లకు సినిమా వేసి చూపించారు. ఈస్ట్‌వుడ్ వాళ్లకు తన సందేశాన్ని వీడియోలో పంపాడు.